డాక్టరు గారి పుట: మింగుడు పడని ముద్ద

పోయిన సంచికలో మధుమేహం గురించి వ్రాస్తూ, ఈ నెల రక్తపోటు సంగతి చెప్తామని మాట ఇచ్చాము. ఆ మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. మధ్యలో ఉగాది భోజనాలు వచ్చి మా ఆలోచనను వేరే దారి పట్టించాయి.

ఆ రోజు మౌంట్ రాస్కిల్ హాలులో వడ్డన బాధ్యత మాకు కూడా అప్పగించారు. పులిహోర గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంటే మనుషులు ఎలా తింటున్నారో చూడటం తప్పదు. పిల్లలు అప్పడాలు ముందు తినేస్తారు. పెద్దలు కబుర్లలో పడి విస్తరి మరచిపోతారు. వారిలో ఒకాయన మాత్రం ప్రతి నాలుగు ముద్దలకూ ఒకసారి గ్లాసెత్తి నీళ్ళు తాగుతున్నారు. గారె ముట్టుకోలేదు. పప్పన్నం మరీ జారుగా కలుపుకున్నారు. బల్ల మీద అందరూ చేతులు కడుక్కుని వచ్చేసినా ఆయన ఇంకా చారు దగ్గరే ఉన్నారు. "మా వారు నిదానం మనిషి లెండి" అని భార్య నవ్వుతూ అన్నది. మేము మాత్రం నవ్వలేకపోయాము. సందు చూసుకుని ఆయనను పక్కకు పిలిచి నాలుగు ప్రశ్నలు అడిగాము. పండుగపూట ఈ డాక్టరుకు వేరే పని లేదా అని ఆయన అనుకునే ఉంటారు.

అలా అడగటానికి ఒక కారణం ఉన్నది. చెప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నా ఈ పుటలో చెప్పవలసిందే.

రెండేళ్ళ క్రిందట మన తెలుగువారే ఒక యువకుడు మా దగ్గరకు వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళు, ఆరోగ్యవంతుడు. చిన్నతనంలో ఉబ్బసం ఉండేది. ఇక్కడికి వచ్చిన తరువాత వసంతంలో గడ్డి పూత మొదలవగానే తుమ్ములూ, కళ్ళ దురదా. (అతని అనుమతితోనే వ్రాస్తున్నాము. గుర్తుపట్టే వీలు లేకుండా ఒకటి రెండు వివరాలు మార్చాము.) "తిన్నది ఒక్కోసారి ఇక్కడ ఆగినట్టుంటుంది డాక్టరు గారూ" అని రొమ్ము ఎముక మధ్య వేలు పెట్టి చూపించాడు. మంట ఉందా అని అడిగితే, కొద్దిగా ఉండవచ్చు అన్నాడు. ఆ "ఉండవచ్చు"ను మేము పట్టుకున్నాము. ఆమ్లం పైకి తన్నుతున్నదని తీర్మానించి ఒమెప్రజోల్ వ్రాసి, నిదానంగా నమిలి తినమని హితవు చెప్పి పంపించాము. నెల తరువాత కొంత నయమన్నాడు. మాత్రకు తగ్గింది కాబట్టి జబ్బు ఆమ్లానిదే అని మనసులోనే కేసు మూసివేశాము. కొన్నాళ్ళకు అతను మాత్రలు మానేశాడు. మేము మళ్ళీ పిలవలేదు.

తరువాతి వేసవిలో ఒక శనివారం సాయంత్రం స్నేహితుల ఇంట్లో బార్బెక్యూ. గొర్రె మాంసం ముక్క ఒకటి లోపలికి పోలేదు, బయటికి రాలేదు. నీళ్ళు తాగితే నీళ్ళు తిరిగి వచ్చాయి. తన లాలాజలం తానే మింగుకోలేక గిన్నెలో ఉమ్ముతూ నాలుగు గంటలు కూర్చున్నాడు. ఆసుపత్రిలో రాత్రి గొట్టం వేసి ముక్క తీశారు. ఆ తీసిన వైద్యురాలు అక్కడితో ఆగక, అన్నవాహిక గోడ నుంచి ఆరుచోట్ల ఆవగింజంత ముక్కలు తీసి పరీక్షకు పంపించింది. అతని అదృష్టమంతా అక్కడ ఉన్నది. పదిరోజులకు వచ్చిన ఫలితంలో మేము మొదటి రోజునే అనుమానించవలసిన జబ్బు పేరు ఉన్నది: ఇసినోఫిలిక్ ఇసోఫేజైటిస్.

ఈ సంగతి విని ఒంగోలు నుంచి వాళ్ళ అమ్మగారు ఫోనులో అన్న మాట మాకు గుచ్చుకున్నది. "వాడు చిన్నప్పటి నుంచీ అంతే బాబూ, నీళ్ళు లేకపోతే ముద్ద దిగేది కాదు. బడికి ఆలస్యమవుతున్నదని రోజూ తిట్టేదాన్ని." ఆమె పాతికేళ్ళుగా చూస్తున్నదాన్ని మేము పదిహేను నిమిషాలలో అడగలేకపోయాము.

ఇక జబ్బు సంగతి. మన పాఠకులలో కాస్త వయసున్న వారికి "ఇసినోఫీలియా" అనే మాట కొత్త కాదు. మన ఊళ్ళలో రాత్రిపూట విడవకుండా దగ్గు వస్తే, రక్తం పరీక్ష చేయించి, ఇసినోఫీలియా అని చెప్పి హెట్రజాన్ బిళ్ళలు ఇచ్చేవారు. ఫైలేరియా క్రిములకు ఊపిరితిత్తులు చూపే విపరీత స్పందన అది. దాని వల్ల ఈ కణం పేరు మన ఇళ్ళలో కందిపప్పు అంత పరిచయమైపోయింది. ఇసినోఫిల్ అనేది తెల్ల రక్తకణాలలో ఒక రకం. 1879లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రజ్ఞుడు రక్తానికి రంగులు వేసి చూస్తుంటే, ఈ కణం లోపలి రేణువులు ఇయోసిన్ అనే ఎర్రని రంగును గట్టిగా పట్టుకున్నాయి. ఆ రంగు పేరే కణానికి వచ్చింది. క్రిములతో పోరాటానికీ, ఎలర్జీలోనూ ఇవి ముందుకు వస్తాయి.

జీర్ణాశయంలోనూ ప్రేగులలోనూ ఇవి కొద్దిగా ఉండటం సహజమే. అన్నవాహికలో మాత్రం సహజంగా ఒక్కటి కూడా ఉండదు. గొంతు నుంచి జీర్ణాశయం దాకా సుమారు పది అంగుళాల పొడవుండే ఈ కండరపు గొట్టంలోకి అవి దండుగా వచ్చి దిగటమే ఈ వ్యాధి. పిలిచేది చాలామందిలో ఆహారంలోని ఏదో ఒక మాంసకృత్తు. పాలు అందులో మొదటిది, గోధుమ తరువాతది. వచ్చిన కణాలు ఊరకే ఉండవు. పొర వాచి, కొన్నేళ్ళకు గోడ గట్టిపడి, గొట్టం సన్నబడుతుంది. లోపలి వెడల్పు 13 మిల్లీమీటర్లకు తగ్గితే గట్టి ఆహారం దాదాపు ఎవరికైనా అడ్డుపడుతుంది.

ఇది పాత జబ్బేమో చెప్పలేము గాని, దాని గుర్తింపు మాత్రం కొత్తది. 1993లో అట్‌వుడ్ బృందం మింగటం కష్టమైన పన్నెండుమంది పెద్దలను వర్ణించింది. మరుసటి ఏడు స్విట్జర్లాండులో స్ట్రౌమాన్ బృందం మరొక పదిమందిని చూపింది. 1995లో అమెరికాలో కెల్లీ బృందం ఆమ్ల చికిత్సకు లొంగని పదిమంది పిల్లలకు మామూలు ఆహారం ఆపి, మాంసకృత్తులు లేని ప్రత్యేక పాలపొడి మాత్రమే ఇస్తే వారి అన్నవాహికలు బాగుపడ్డాయి. కారణం ఆహారమే అని అప్పుడు తేలింది. మేము మన దేశంలో వైద్యం చదివేటప్పుడు మింగుడు పడకపోవటానికి కారణాలు చెప్పమంటే కాన్సరు, ఎకలేసియా, యాసిడ్ తాగినవారి మచ్చలు, రక్తహీనతతో వచ్చే పొరలు అని గడగడా అప్పజెప్పేవాళ్ళము. ఈ పేరు పాఠంలో ఉన్నా, అది తెల్లవారి జబ్బు అన్న భావమే మా మనసులో మిగిలింది. మా పొరపాటు అక్కడే పుట్టింది.

ఆ భావాన్ని వదిలించింది జపాను వైద్యుల వ్రాతలు. ఆ యువకుని ఫలితం వచ్చిన వారం మేము పట్టుదలగా కూర్చుని ఆసియావారిలో ఈ వ్యాధి గురించి దొరికినదంతా చదివాము. దొరికినదానిలో ఎక్కువ భాగం జపాను నుంచి వచ్చినదే. దానికి కారణం ఉన్నది. జపానులో జీర్ణాశయపు కాన్సరు అధికం. కాబట్టి కడుపులోకి తొంగిచూడటంలో వారిది పెద్ద చేయి. 1950లో టోక్యోలో ఉజి తత్సురో అనే డాక్టరూ, ఒలింపస్ కంపెనీ ఇంజనీర్లూ కలిసి కడుపులో ఫోటోలు తీసే చిన్న కెమెరా తయారుచేశారు. ఏ బాధా లేని మనిషి కూడా ఏడాదికొకసారి ఆరోగ్య పరీక్షలో భాగంగా గొట్టం వేయించుకోవటం అక్కడ వింత కాదు. మనం కారుకు వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ చేయించినట్టు వాళ్ళు కడుపుకు చేయిస్తారు.

అంతమంది కడుపులు చూసేవారికి కూడా ఈ జబ్బు చాలాకాలం కనబడలేదు. 2006లో షిమానే వైద్యులు ఒక జపాను రోగి వివరాలు ప్రకటించారు. తరువాత అదే ప్రాంతంవారు పనిగట్టుకుని 23,346 మందికి ఎండోస్కోపీలో వెతికారు. 2011లో ప్రకటించిన లెక్క: దొరికినది నలుగురు. లక్షకు సుమారు 17 మంది. పడమటి దేశాలతో పోలిస్తే ఇది స్వల్పం. అయితే ఎలా ఉంటుందో కన్ను పట్టుకున్న తరువాత జపానులోనే రోగుల సంఖ్య పెరుగుతూ వచ్చింది. 2015లో అక్కడి ప్రభుత్వం జీర్ణమార్గంలో ఇసినోఫిల్స్ చేరే వ్యాధులను కష్టసాధ్య వ్యాధుల జాబితాలో చేర్చి, చికిత్సకు సహాయం ఇవ్వటం మొదలుపెట్టింది.

ఆ వ్రాతలలో మా మనసుకు పట్టినవి కొన్ని ఉన్నాయి. జపాను రోగులు కూడా ఎక్కువగా మగవారే. నలభై, యాభై ఏళ్ళ వయసులో ఎక్కువగా బయటపడుతున్నది. సగం మంది దాకా ఉబ్బసమో, ముక్కు ఎలర్జీయో ఉన్నవారు. ఇంతవరకూ పడమటి బొమ్మే. కాని అక్కడి రోగులలో ముక్క పూర్తిగా ఇరుక్కుని అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తినవారు తక్కువ. అన్నవాహిక బాగా సన్నబడినవారూ తక్కువే. ఛాతీలో ఏదో పట్టినట్టుండటం, కాస్త మంట, మింగేటప్పుడు కొద్దిపాటి అడ్డు, ఇంతే చెప్పినవారు చాలామంది. కొందరు ఏమీ చెప్పలేదు కూడా. ఆరోగ్య పరీక్షకు వచ్చి, గొట్టం వేసిన వైద్యుని కంటికి చిక్కారు. ఆమ్లం తగ్గించే మాత్రలకే నయమైనవారి పాలు కూడా అక్కడ పెద్దది.

అంటే వ్యాధికి మెత్తని ముఖం ఒకటి ఉన్నది. పడమటి పుస్తకాలలోని మాంసపు ముక్క ఇరుక్కున్న బొమ్మ కోసం కూర్చున్న వైద్యునికి ఆ ముఖం కనబడదు. మా యువకుడు రెండేళ్ళ క్రిందట మా ఎదుట కూర్చున్నప్పుడు అతనిది సరిగ్గా ఆ ముఖమే.

ఇక్కడ మా ఊహ ఒకటి చెప్తాము, ఊహగానే తీసుకోండి. చిన్న ముక్కలుగా కోసి పుల్లలతో తినే భోజనంలో అన్నవాహికకు పరీక్ష తక్కువ. మన భోజనం సంగతి చెప్పేదేముంది! ముద్దపప్పు, నెయ్యి, పులుసు, చారు, మజ్జిగ, అన్నీ జారేవే. అన్నవాహిక సగం మూసుకుపోయినా చారన్నం జారిపోతుంది. మన అమ్మలు ముద్ద దిగని పిల్లవానికి ఏం చేస్తారు? మరికాస్త చారు పోస్తారు. అలా ఇరవై ఏళ్ళు గడిచిపోతాయి. ఆ తరువాత అతను ఆక్లండు వచ్చి, ఆఫీసు వాళ్ళతో కూర్చుని స్టేకూ, ఎండు రొట్టే తినవలసి వచ్చినప్పుడు దాగిన జబ్బు బయటపడుతుంది. అతనేమో ఈ దేశపు తిండి పడటం లేదని అనుకుంటాడు. మేమూ అలాగే అన్నాము కదా.

న్యూజిలాండులో ఈ వ్యాధి అరుదేమీ కాదు. 2019లో ఇక్కడి వైద్యులు ప్రకటించిన ఒక పరిశీలన, కొత్త రోగుల సంఖ్య ఎక్కువే గాని ఏటేటా పెరగటం లేదని తేల్చింది. కాబట్టి ఇక్కడి జీర్ణకోశ నిపుణులకు జబ్బు కొత్తకాదు. వారి దాకా చేరటమే కష్టం. చేర్చవలసింది మా వంటి వాళ్ళము. మాకు చెప్పవలసింది మీరు.

అయితే ఏం చెప్పాలి? "మింగటం కష్టంగా ఉందా" అని అడిగితే ఈ రోగులలో చాలామంది లేదనే అంటారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు. కష్టం రాకుండా ఎలా తినాలో ఏనాడో నేర్చుకున్నారు. కాబట్టి మేము ఇప్పుడు మింగటం గురించి అడగకుండా తినటం గురించి అడుగుతున్నాము. ప్రతి ముద్దకూ నీళ్ళు కావాలా? అందరికంటే చివర లేస్తారా? గారె, చపాతీ, కోడిమాంసం, రొట్టె, వీటిలో ఏదైనా మెల్లగా మానేశారా? అన్నం మరీ జారుగా కలుపుకుంటారా? లావు మాత్రలు విరిచి వేసుకుంటారా? పదిమందిలో తినటానికి బెదిరి, "ఇంటి దగ్గర తిని వచ్చాను" అంటారా? ఈ ప్రశ్నలకు రోగి కంటే ఇంటివారే నిజమైన జవాబు చెప్తారు. పిల్లలలో బొమ్మ వేరు. పసివాళ్ళు పాలు కక్కటం, తిండికి మొరాయించటం, బరువు పెరగకపోవటం. కాస్త పెద్దవాళ్ళు కడుపునొప్పి, వాంతులు అంటారు. మింగుడు పడటం లేదనేది పదేళ్ళు దాటాక వస్తుంది.

మరొక తేడా కూడా తెలుసుకోవాలి. ముద్ద గాలిగొట్టం వైపు పోయి దగ్గు వస్తే పొలమారటం అంటాము. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాము. ఈ జబ్బులో దగ్గు రాదు, మాట ఆగదు, ఊపిరి ఆడుతుంది. ముద్ద ఛాతీలో ఆగుతుంది, అంతే. తడితే లాభం లేదు. అలాగే నీళ్ళు కూడా మొదటి నుంచీ దిగకపోతే ఎకలేసియా వంటి వేరే జబ్బు అనుమానించాలి. పెద్ద వయసులో, కొన్ని వారాలలోనే ఘనపదార్థం దిగక, తరువాత జావ దిగక, బరువు తగ్గిపోతుంటే ముందు కాన్సరు కాదని తేల్చుకోవాలి. అందులో ఒక్క వారం కూడా ఆలస్యం చేయరాదు.

అనుమానం వచ్చాక పరీక్ష ఒక్కటే, ఎండోస్కోపీ. ఈ పుటలో బొమ్మ వేసే వసతి లేదు గనుక మాటలతోనే చెప్తాము. ఆరోగ్యమైన అన్నవాహిక నున్నగా, లేత గులాబీ రంగులో, సన్నని రక్తనాళాల గీతలతో కనబడుతుంది. ఈ జబ్బులో ఆ గీతలు వాపులో మునిగిపోతాయి. నిలువునా దుక్కి దున్నిన చాళ్ళు పడతాయి. జపాను రోగులలో ఎక్కువగా కనబడేది ఈ చాళ్ళే. బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు ఉంటాయి. అవి కుప్పలుగా చేరిన ఇసినోఫిల్సే. జబ్బు ముదిరితే అడ్డంగా ఉంగరాలు ఏర్పడి, చివరికి గొట్టం ఇరుకవుతుంది. 2013 నుంచి వైద్యులు ఈ ఐదింటికీ, అంటే వాపు, ఉంగరాలు, తెల్లచుక్కలు, చాళ్ళు, ఇరుకు, మార్కులు వేసి వ్రాస్తున్నారు.

కాని కంటికి ఏమీ కనబడని రోగులు కూడా కొందరు ఉంటారు. అందుకే అన్నవాహిక బాగానే ఉన్నట్టున్నా క్రిందా పైనా కలిపి కనీసం ఆరు ముక్కలు తీయాలి. ఇసినోఫిల్స్ గోడ అంతటా సమంగా పరచుకుని ఉండవు, ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. సూక్ష్మదర్శినిలో బాగా పెద్దది చేసి చూసినప్పుడు ఒక్క చూపులో 15, అంతకు మించి కనబడితే, మింగటంలో బాధ కూడా ఉంటే, వేరే కారణం లేదని చూసుకుని పేరు పెడతారు. మీకెవరికైనా గతంలో ముక్క ఇరుక్కుని తీయించుకున్న అనుభవం ఉంటే, ముక్క తీసినప్పుడు బయాప్సీ కూడా తీశారా అని మీ డాక్టరును అడగండి. అలా ఇరుక్కుని వచ్చినవారిలో ఇంచుమించు సగం మందికి ఈ జబ్బే ఉంటుంది. హడావిడిలో ముక్క తీసి, బయాప్సీ మరచి పంపించటం అన్ని దేశాలలోనూ జరుగుతున్నది.

రక్తపరీక్ష మీద ఆధారపడరాదు. అన్నవాహిక నిండా ఇసినోఫిల్స్ ఉన్నా రక్తంలో మామూలుగా ఉండవచ్చు. చేతి మీద సూదులు గుచ్చి చేసే ఎలర్జీ పరీక్ష కూడా ఏ ఆహారం కారణమో సరిగా చెప్పలేదు.

మా రెండవ తప్పు ఒమెప్రజోల్ విషయంలో. ఆ మాత్రకు తగ్గితే అది ఇసినోఫిల్ జబ్బు కాదు, ఆమ్లం జబ్బే అని వైద్యలోకమంతా ఒకప్పుడు నమ్మింది. అది తప్పని క్రమంగా తేలింది. ఆ మాత్రలు ఆమ్లాన్ని తగ్గించటమే కాదు, ఇసినోఫిల్స్‌ను రమ్మని పిలిచే ఇయోటాక్సిన్ అనే పదార్థం అన్నవాహిక పొరలో తయారవకుండా కూడా చూస్తాయి. 2018లో అంతర్జాతీయ నిపుణులు ఆ పాత షరతును తీసివేశారు. మేము 2018 తరువాత కూడా పాత పాఠమే పట్టుకుని ఉన్నాము. మాత్రకు కొంత నయమనిపించటం అతనికి మేలు చేయలేదు. జబ్బును మరికొంతకాలం దాచింది.

ఆలస్యానికి ధర ఏమిటో స్విట్జర్లాండువారు లెక్క కట్టారు. 2013లో ప్రకటించిన ఆ పరిశీలనలో 200 మంది రోగులు. బాధ మొదలైన రెండేళ్ళలోపు జబ్బు గుర్తించినవారిలో నూటికి 17 మందికి అన్నవాహిక ఇరుకైంది. ఇరవై ఏళ్ళు దాటాక గుర్తించినవారిలో నూటికి 71 మందికి. మా యువకుని అన్నవాహికలో అప్పటికే ఉంగరాలు ఉన్నాయి.

ముక్క ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో ఇక్కడే చెప్పాలి. మాట, ఊపిరి బాగానే ఉండి ఛాతీలో మాత్రమే ఆగితే నిటారుగా కూర్చోండి, తినటం ఆపండి. పైనుంచి అన్నం ముద్ద మింగి దాన్ని తోయాలని చూడవద్దు. లాలాజలం కూడా మింగలేకపోతే ఎంత రాత్రయినా అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఊపిరి ఆడకపోతే అది వేరే ప్రమాదం, వెంటనే 111కు ఫోను చేయాలి. మాంసం మెత్తబడటానికి బొప్పాయి వేస్తాము కదా అని బొప్పాయి రసమో, మాంసం మెత్తబరిచే పొడో తాగే ఆలోచన ఎవరికైనా వస్తే వెంటనే విరమించుకోండి. ఇది మా హాస్యం కాదు. బొప్పాయి నుంచి తీసిన పదార్థాన్ని ఒకప్పుడు వైద్యులే వాడి, మాంసంతో పాటు మనిషి అన్నవాహిక గోడ కూడా చిల్లులు పడటం చూసి మానుకున్నారు.

వైద్యం మూడు దారులు. ఆమ్లం తగ్గించే మాత్రలు రెండు మూడు నెలలు పూర్తి మోతాదులో వాడటం ఒకటి. ఉబ్బసానికి పీల్చే ఫ్లూటికాసోన్ మందును పీల్చకుండా నోటిలోకి కొట్టుకుని మింగటం, లేదా బ్యుడెసొనైడ్ మందును తేనె వంటి చిక్కని పదార్థంలో కలిపి మింగటం రెండవది. మింగాక అరగంట ఏమీ తినరాదు, తాగరాదు. మందు గోడకు అంటుకుని ఉండాలి గనుక. మూడవది ఆహారం మానిపించటం. పాలు, గోధుమ, గ్రుడ్లు, సోయా, గింజపప్పులు, చేపలు ఆరూ ఒకేసారి మానిపించే పద్ధతి ఉండేది. 2023లో అమెరికాలో వెలువడిన పరీక్షలో పాలు ఒక్కటే మానినవారిలో నూటికి 34 మందికీ, ఆరూ మానినవారిలో 40 మందికీ ఇసినోఫిల్స్ తగ్గాయి. తేడా స్వల్పం. కాబట్టి ముందు పాలతో మొదలుపెట్టవచ్చు. ఏ దారి పట్టినా మళ్ళీ గొట్టం వేసి, ముక్కలు తీసి చూడాలి. బాధ తగ్గినంతమాత్రాన లోపల తగ్గినట్టు కాదు. ఇప్పటికే ఇరుకైన గొట్టాన్ని బెలూనుతో మెల్లగా వెడల్పు చేస్తారు. మందులకు లొంగనివారికి డ్యుపిలుమాబ్ అనే ఇంజెక్షనును 2022లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతించారు.

పాలు మానటమంటే ఏమిటో మన సంఘంలో వేరే చెప్పనక్కరలేదు. పెరుగు, మజ్జిగ, నెయ్యి, పనీరు, టీలో పాలు, ఉగాదినాటి పాయసం అన్నీ పోతాయి. మా యువకునికి ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "పెరుగన్నం లేకుండా భోజనం ముగిసినట్టు ఎలా తెలుస్తుంది డాక్టరు గారూ?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. అతను మింగే మందునే ఎంచుకున్నాడు. మూడు నెలల తరువాత తీసిన ముక్కలలో ఇసినోఫిల్స్ ఒక్కో చూపులో రెండు మూడుకు దిగాయి. ఉంగరాలు మాత్రం పూర్తిగా పోలేదు. మధ్యాహ్నం ఆఫీసులో అందరితో పాటు లేస్తున్నానని మొన్న చెప్పాడు.

ఉగాదినాడు పక్కకు పిలిచిన పెద్దమనిషి మా ఉత్తరం తీసుకుని తన డాక్టరు దగ్గరకు వెళ్ళారు. ఎండోస్కోపీకి వరుసలో పేరు వేశారట. ఫలితం ఏదైనా అది ఆయన సొంత విషయం, ఈ పుటలో వ్రాయము.

రక్తపోటు గురించి వచ్చే సంచికలో తప్పక వ్రాస్తాము. ప్రశ్నలు పంపదలచినవారు కాగితం మీద వ్రాసి, పేరు లేకుండానైనా సరే, నెలసరి సమావేశంలో కార్యదర్శి గారికి అందజేయవలెను. అందులో మీ ఇంట్లో ఎవరు ఆఖరున భోజనం ముగిస్తారో కూడా వ్రాస్తే మాకు సంతోషం.